వంతెనకు ఒరిగిన రాయి

లోయాంగ్ వంతెన మీద మిన్‌రూ చెప్పే కథకు పదకొండు నిమిషాలు పడుతుంది. తొమ్మిదేళ్లుగా అదే కథ. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో, ఏ మాట దగ్గర జనం ఫోన్లు పైకెత్తుతారో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. నడుముకు చిన్న లౌడ్‌స్పీకరు, చెంపకు ఆనుకుని మైకు, చేతిలో పసుపు జెండా. ఈ మూడూ తగిలించుకుంటే చాలు, ఆమెకు నోరు దానంతట అదే కదులుతుంది.

సోమవారం నాడు వచ్చిన గుంపు సముద్రానికి దూరంగా ఉన్న హెనాన్ నుంచి. ఇరవై రెండు మంది, అందరూ ఉద్యోగాలు చేసి దిగిపోయినవాళ్లు. సముద్రం మొదటిసారి చూస్తున్నవాళ్లు. ముందురోజు చువాన్‌చౌ ఊరంతా తిప్పింది. జంట గోపురాల గుడి, రాతి మసీదు, సముద్రమాత గుడి, అన్నీ అయ్యాయి. వాళ్ల కాళ్లు పీకుతున్నాయి. పైగా చలిగాలి. ఒకావిడ కమలాపళ్లు ఒలిచి పంచుతోంది, ఇద్దరు సెల్ఫీలు దిగుతున్నారు, వినేవాడు లేడు. మిన్‌రూకి ఒళ్లు మండింది. గైడును కసిరితే పడి ఉంటుంది గానీ, వినకపోతే మాత్రం ఊరుకోదు.

అందుకే "ప్రియమైన అతిథులారా" అని ఎప్పటి పిలుపే పిలిచి గొంతు పెంచింది. ఈ నీటి ఉరవడికి ఏ పునాదీ నిలవలేదనీ, అప్పుడు రాళ్ల మీద ఆల్చిప్పలు పెంచారనీ, అవి రాయికీ రాయికీ మధ్య పెరిగి వంతెనను అతికించాయనీ చెప్పింది. తొమ్మిది వందల డెబ్బై ఏళ్లుగా అవే పట్టుకుని ఉన్నాయి. "అందుకే వంతెనను మోసే ఈ రాతి దిమ్మెల మీది ఆల్చిప్ప ఒక్కటి పీకినా శిక్ష. చెయ్యి నరికేవాళ్లు" అంది.

చెయ్యి అనగానే తలలు తిరిగాయి. ఆ మాట ఎప్పుడూ మోసం చెయ్యదు.

ఎర్ర టోపీ పెట్టుకున్న ఒకాయన రాతి పిట్టగోడ మీంచి వంగి కిందికి చూశాడు. "మరి ఆవిడేం చేస్తోంది?" అని అడిగాడు.

సముద్రపు ఆటుకు నీళ్లు వెనక్కి తీసి బురద బయటపడి ఉంది. నీలం తలగుడ్డ కట్టుకున్న ఒకావిడ నాలుగో దిమ్మె పక్కన నడుం వంచి, ఇనుప కొక్కెంతో టక్కుటక్కుమని కొడుతోంది. చిప్పలు ఊడి బుట్టలో పడుతున్నాయి. పైనుంచి చూస్తే ఆ దెబ్బలు దిమ్మె మీదే పడుతున్నట్టున్నాయి.

మిన్‌రూకి తెలియదు. తెలియదని ఒక్క మాట అంటే పోయేది. కానీ తెలియదు అనే మాట గైడు నోట రాదు, వస్తే ఆమె గైడు కాదు. అప్పుడే చేతికి చిక్కిన జనం మళ్లీ కమలాపళ్ల వైపు పోతారేమోనని కంగారొకటి. "చూశారుగా. వెయ్యేళ్లైనా వంతెన మారలేదు, దొంగలూ మారలేదు" అంది.

ఇరవై రెండు మందీ గొల్లున నవ్వారు. కమలాపళ్లావిడ కూడా నవ్వింది. ఎర్ర టోపీ ఆయన ఫోను కిందికి పట్టుకునే ఉన్నాడు.

మర్నాడు పొద్దున మిన్‌రూ సేమ్యా జావ తాగుతుంటే తల్లి ఫోను చూస్తూ ఉలిక్కిపడింది. "మన లోయాంగ్‌లోనే. చూడు, దొంగముండ, వంతెన మీది చిప్పలు కొట్టేస్తోంది" అని ఫోను కూతురి ముఖం ముందు పెట్టింది. నీలం తలగుడ్డ, కొక్కెం, బుట్ట. పైనుంచి లౌడ్‌స్పీకరులో గరగరమంటూ ఆ మాట, ఆ తర్వాత నవ్వులు. గైడు ముఖం గానీ జెండా గానీ కనిపించలేదు.

"ఆ గైడు పిల్ల ఎవరో గానీ భలే గడ్డి పెట్టింది" అంది తల్లి.

కన్నతల్లి పోల్చుకోలేదు. ఇంట్లో మాట్లాడేది ఊరి మాట, వీడియోలో ఉన్నది దేశమంతా మాట్లాడే మాండరిన్, అదీ లౌడ్‌స్పీకరులోంచి. మిన్‌రూకి మొదట ప్రాణం లేచొచ్చింది, వెంటనే ఆ లేచొచ్చిన ప్రాణానికి సిగ్గేసింది. జావ సగంలో వదిలేసి స్కూటరు తీసింది. దారి పొడవునా ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడల్లా ఫోను తీసి చూసింది. పట్టుకుని జైల్లో వేయమన్నవాడొకడు, ఇలాంటి వాళ్ల వల్లే దేశం పరువు పోతోందన్నవాడొకడు. చెయ్యి నరకాలని రాసినవాళ్లు పదకొండు మంది. ఆ మాట వాళ్లకు ఎక్కడ దొరికిందో ఆమెకు తెలుసు.

మధ్యాహ్నానికి వంతెన మొదట్లో నోటీసు అంటించారు. నాలుగో దిమ్మెకు ఇరవై గజాల లోపు ఆల్చిప్పలు పెంచడానికి బురదలో పాతిన రాళ్లన్నీ తీసేయాలి. అవి క్వీహ్వా అనే ఆవిడవి, మూడు వందల పైచిలుకు రాళ్లు. అభ్యంతరం ఉంటే శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు వంతెన చూసుకునే ఆఫీసుకు వచ్చి చెప్పుకోవచ్చు. మిన్‌రూ ఆ కాగితం ముందు నిలబడి రెండుసార్లు చదివింది. ఈ కాలంలో రాయి కదిపితే దాని మీది చిప్ప చస్తుంది. కొత్త రాయి పాతితే అది పట్టి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఇది ఆ తీరాన ఎవరినడిగినా చెబుతారు. ఆ ముసలిదాని బతుకు తీసేస్తున్నారు, అదీ తన ఒక్క హాస్యానికి.

ఎవరికైనా చెబుదామనుకుంది. చెబితే లైసెన్సు గొడవ అవుతుందేమోనని ఆగింది. ఆ రోజు రెండు గుంపులు వచ్చాయి. రెంటికీ కథ చెప్పింది. చెయ్యి నరకడం తీసేద్దామనుకుంటూనే రెండుసార్లూ చెప్పేసింది, నోటికి అంత అలవాటు. రెండో గుంపులో ఒకమ్మాయి "ఆ దొంగ ఎక్కడ కూర్చుంటుందండీ?" అని బొమ్మల కొలువు చూడబోతున్నంత ముచ్చటగా అడిగింది.

బుధవారం మధ్యాహ్నం వంతెన దగ్గరి టీ కొట్లో మిన్‌రూ ఒక్కతే కూర్చుని ఉంది. గుక్కెడు పట్టే గిన్నెలో టీ చల్లారిపోయింది, తాగాలనిపించలేదు. రబ్బరు బూట్లు, మోచేతుల దాకా తొడుగులు, నీలం తలగుడ్డతో ఒకావిడ లోపలికి వచ్చింది. ఒళ్లంతా ఉప్పు వాసన. అరవై దాటి ఉంటాయి. కొట్లో అందరినీ వదిలేసి సరాసరి మిన్‌రూ దగ్గరికే వచ్చింది.

దొంగకు తేలు కుట్టినట్టు మిన్‌రూ కదలకుండా కూర్చుంది.

"నువ్వు డింగ్‌వాళ్ల పిల్లవి కదూ" అంది ఆవిడ ఊరి మాటలో. "నేను క్వీహ్వాని. ఆ ఫోనులో దొంగని."

మిన్‌రూ లేచి కుర్చీ జరిపింది. ఆవిడ కూర్చోలేదు. బట్టలు తడిగా ఉన్నాయని, కొట్టువాడు తిడతాడని చెప్పింది. శుక్రవారం ఆఫీసులో తన తరఫున మాట్లాడమని అడిగింది. అక్కడి పెద్దాయన యెన్ గారు షాన్‌షీ మనిషి, ఊరి మాట ఒక్క ముక్క రాదు. తనకు మాండరిన్‌లో నాలుగు ముక్కలు మాట్లాడాలంటే నాలుక మడత పడుతుంది. ఊళ్లో పెద్దమనిషి ల్యూ ఉన్నాడు గానీ ఆయన రెండు పడవల మీదా కాలు పెట్టే రకం.

"వేరే ఎవరైనా... నేను గైడునే గానీ పెద్దమ్మా, ఇలాంటి ఆఫీసు పనులు..." అంది మిన్‌రూ.

"నీకు బాగా మాట్లాడటం వచ్చని అందరూ అంటారు."

క్వీహ్వా ఇంకేమీ బతిమాలలేదు. బల్ల మీద ఒక సంచీ పెట్టి పోయింది. అందులో ఒలిచిన ఆల్చిప్పల కండ, అప్పుడే తీసింది. మిన్‌రూ వెనకాలే పరుగెత్తి ఇవ్వబోతే, అట్టే ఉంచితే పాడైపోతుంది, వండుకోమంది. సాయంత్రం తల్లి దాంట్లో గుడ్లు, చిలగడదుంప పిండి కలిపి అట్టు వేసింది. ఎన్నాళ్లకు ఇంత తాజాగా తింటున్నామో అని లొట్టలేసింది. మిన్‌రూకి ఒక్క ముక్క దిగలేదు. ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పి లేచిపోయింది.

గురువారం నీళ్లు తీసే వేళకు ఆమె సెలవు పెట్టి, అరువు బూట్లు తొడుక్కుని వంతెన కిందికి దిగింది. తొమ్మిదేళ్లలో అదే మొదటిసారి. రాతి మెట్లు అయిపోగానే కాలు మోకాలి దాకా దిగబడింది. క్వీహ్వా వెనక్కి చూడకుండానే, మడమతో కాదు, వేళ్లతో నడవమంది. రాళ్ల వరసల మధ్య ఆవిడ చకచకా పోతోంది. మనిషి నడుమెత్తున పాతిన రాతి పలకలు, ప్రతిదాని మీదా బూడిద రంగు చిప్పలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ పెరిగి ఉన్నాయి.

"ఈ వరస మా అత్తది. ఆ చివర మూడూ మా అత్తకు వాళ్లత్త పాతింది" అంది. అంతకు మించి తన గురించి చెప్పుకోలేదు.

పని చేస్తూనే మాట్లాడింది. కొక్కెం మొన చిప్ప కింద దూర్చి, మణికట్టు ఒక్క మెలిక తిప్పితే చిప్ప ఊడుతుంది. రాయికి దెబ్బ తగలకూడదు. పిల్ల చిప్పల్ని వదిలేయాలి. ఒకదాన్ని ఊడదీసి మిన్‌రూ చేతికి కొక్కెం ఇచ్చింది. మిన్‌రూ మూడుసార్లు కొట్టి బొటనవేలు చీరుకుంది. క్వీహ్వా ఆ వేలు తీసుకుని ఉప్పునీళ్లలో ముంచి, నవ్వకుండా, మళ్లీ వదిలేసింది.

నాలుగో దిమ్మె దగ్గరికి వచ్చేసరికి మిన్‌రూకి విషయం కళ్ల ముందే ఉంది. వరస చివరి పలక ఒకటి తుఫానుకు కుదుళ్లు కదిలి దిమ్మెకు ఒరిగిపోయింది. పైనుంచి చూస్తే రాయేదో దిమ్మేదో తెలియదు, కింద నిలబడితే గుడ్డివాడికైనా తెలుస్తుంది. రెంటి మధ్యా చెయ్యి దూరే సందుంది. పలక మీది చిప్పలు సగం ఊడి ఉన్నాయి. దిమ్మె మీద ఒక్కటి కూడా కదల్లేదు. వాటి మీద నాచు అలాగే ఉంది.

"దీన్ని నిలబెట్టేద్దామని అనుకుంటూనే ఉన్నా. బరువు ఎక్కువ. ముందు చిప్పలు తీసేస్తే తేలికవుతుందని ఆ రోజు కొడుతున్నా" అంది క్వీహ్వా.

మిన్‌రూ ఫోను తీసి సందును, నాచును, పలకను పదిహేను ఫొటోలు తీసింది. ఇంత తేటగా ఉన్న నిజాన్ని ఒక్క నవ్వు కోసం అమ్మేసుకున్నానే అని గొంతు దాకా వచ్చింది. "పెద్దమ్మా" అని పిలిచింది. క్వీహ్వా కొక్కెం ఆపి తలెత్తి చూసింది.

"బుట్ట... బుట్ట నేను పట్టుకోనా?" అంది మిన్‌రూ.

"పట్టుకో" అని ఆవిడ మళ్లీ పనిలో పడింది.

ఆ బుట్ట మెట్ల దాకా మోస్తుంటే మిన్‌రూ మనసులో లెక్క వేసుకుంది. ఫొటోలు ఉన్నాయి. రేపు ఇవి చూపిస్తే చాలు, ముసలమ్మ రాళ్లు నిలుస్తాయి. ఆ గొంతు ఎవరిదో ఎవరికీ అక్కర్లేదు. మంచి పని జరిగిపోతే చాలదా, తన పేరెందుకు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగే పద్ధతి అది, ఆమెకూ తెలుసు. అయినా ఆ లెక్క వేసుకున్నాకే కాస్త ఊపిరాడింది.

శుక్రవారం ఆఫీసులో నలుగురే ఉన్నారు. బల్లకు ఆవల యెన్ గారు, పక్కన ఊరి పెద్దమనిషి ల్యూ. ఈవల క్వీహ్వా, మిన్‌రూ. క్వీహ్వా తలగుడ్డ తీసి జుట్టు దువ్వుకుని ముడి వేసుకొచ్చింది, చేతులు ఒళ్లో పెట్టుకుంది. యెన్ గారు చెడ్డ మనిషి కాడు. అందరికీ తానే టీ పోశాడు. రాళ్లు తీయించడం తనకూ సరదా కాదనీ, పైనుంచి రోజుకు ఇరవై ఫోన్లు వస్తున్నాయనీ చెప్పాడు.

మిన్‌రూ బాగా మాట్లాడింది. ఫొటోలు ఒక్కొక్కటే చూపించింది. సందు, నాచు, కదలని చిప్పలు. రాయి ఎలా ఒరిగిందో బల్ల మీది రెండు టీ గిన్నెలు ఒకదానికొకటి ఆనించి చూపింది. యెన్ గారు తల ఊపుతున్నాడు. ల్యూ కూడా గాలివాటం చూసుకుని తల ఊపడం మొదలుపెట్టాడు. పని అయిపోయిందనుకుంది మిన్‌రూ.

యెన్ గారు తన ఫోను తీసి వీడియో పెట్టాడు. గరగరమనే గొంతు ఆ చిన్న గదిలో వినిపించింది. ఆ తర్వాత నవ్వులు.

"మీ ఫొటోలు నిన్న తీసినవి. ఇది సోమవారం తీసింది. ఇందులో మాట్లాడేది ఎవరో యాత్రికుడు కాదు, గైడు. వంతెన సంగతి తెలిసిన మనిషి దొంగ అంటోంది. ఆ మనిషి అబద్ధం ఆడిందని మీరంటున్నారా? ఎందుకాడుతుంది?" అన్నాడు.

ల్యూ అందుకున్నాడు. ఎవరో బయటి ఊరి గైడు అయి ఉంటుందనీ, ఆమెను ఎక్కడని వెతుకుతామనీ, మధ్యేమార్గంగా రాళ్లు సగం తీసేస్తే అందరి మాటా దక్కుతుందనీ అన్నాడు. యెన్ గారు కలం మూత తీశాడు. సగం అంటే నూట యాభై అని రాయబోతున్నాడు.

మిన్‌రూ పక్కకు చూసింది. క్వీహ్వా చేతులు కదలడం లేదు. ఆ వేళ్లు చిప్పలు కోసిన గాట్లతో నల్లగా ఉన్నాయి. తన బొటనవేలికి ఒక్క గాటు పడితే నిన్నటి నుంచి అప్పుడే మూడుసార్లు కట్టు మార్చుకుంది.

"ఆ గొంతు నాదండీ" అంది.

కలం ఆగింది.

"నాకు తెలియక అన్నాను. తెలియదని చెప్పడం నామోషీ అనిపించి అన్నాను. జనం నవ్వుతారని అన్నాను. ఆవిడ ఏం చేస్తోందో నేను కిందికి దిగి చూడలేదు. ఈ తొమ్మిదేళ్లలో నిన్నే దిగాను." అన్నంతసేపూ బల్ల వైపే చూసింది.

యెన్ గారు కలం పక్కన పెట్టాడు. ఈ మాట ఆవిడకూ చెప్పమన్నాడు. ఎవరు తన తరఫున వచ్చారో ఆవిడ తెలుసుకోవాలి కదా, ఆవిడ భాషలో చెప్పు అన్నాడు. మిన్‌రూ కుర్చీ తిప్పుకుంది. "పెద్దమ్మా, ఆ వీడియోలో..." అని ఊరి మాటలో మొదలుపెట్టింది.

క్వీహ్వా చెయ్యెత్తి ఆపింది. యెన్ గారి వైపు తిరిగి మాండరిన్‌లో, ఒక్కో మాటా నొక్కి పలుకుతూ అంది. "అక్కర్లేదు. ప్రియమైన అతిథులారా, అది ఈ అమ్మాయి గొంతని నాకు మొదటి రోజే తెలుసు."

యెన్ గారు నోరు తెరిచాడు. "మీకు మాండరిన్ వచ్చా?"

"ఈమె దగ్గరే నేర్చుకున్నా. మేం కింద పని చేస్తుంటే మా నెత్తి మీద నిలబడి చెబుతుంది కదండీ, రోజుకు రెండుసార్లు, మూడుసార్లు. కథంతా నాకు నోటికి వచ్చు. ఈ నీటి ఉరవడికి ఏ పునాదీ నిలవలేదు." అచ్చం మిన్‌రూ ఆగే చోటే ఆగింది. "చెయ్యి నరకడం మాత్రం మొదట్లో లేదు. నాలుగో ఏట కలిపింది."

ల్యూ టీ పొలమారి దగ్గాడు. యెన్ గారికి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. మిన్‌రూకి మాత్రం నేల విచ్చితే బాగుండుననిపించింది. తొమ్మిదేళ్లుగా కింద వంగి ఉన్నవాళ్లకు చెవులున్నాయని ఒక్కసారి కూడా తట్టలేదు. ఫొటోలో బాగుంటారని చూపించింది గానీ, వింటారని అనుకోలేదు.

రాళ్లన్నీ ఉండవచ్చని యెన్ గారు రాసిచ్చాడు. ఒరిగిన పలకను మాత్రం వెంటనే దిమ్మె నుంచి జరిపి నిలబెట్టాలి. గైడు మూడు నెలల పాటు వంతెన మీద నోరు విప్పకూడదు, ఆమె కంపెనీకి ఉత్తరం వెళుతుంది. మిన్‌రూ సరేనంది.

బయటికి వచ్చాక గేటు దగ్గర ఆగిపోయింది. "తెలిసి నా దగ్గరికే ఎందుకొచ్చావు పెద్దమ్మా? నీకు మాట్లాడటం వచ్చు కదా."

క్వీహ్వా తలగుడ్డ మళ్లీ కట్టుకుంటోంది. "నేను చెబితే దొంగ చెప్పినట్టుంటుంది. నోటితో పోయింది ఆ నోటితోనే రావాలి. నిన్న బురదలో నోరు తెరిచావు, మళ్లీ బుట్ట అన్నావు. ఇంక రాదేమో అనుకున్నా." ముడి బిగించింది. "రేపు ఒంటిగంటకు నీళ్లు తీస్తాయి. ఆ రాయి లేపడానికి నలుగురు కావాలి. ముగ్గురం ఉన్నాం."

శనివారం మిన్‌రూ వేళ్ల మీద నడుస్తూ నాలుగో దిమ్మె దాకా దిగబడకుండానే చేరింది. క్వీహ్వా, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు పలక కిందికి వెదురుబొంగు దూర్చి ఉన్నారు. క్వీహ్వా ఆమెకూ ఒక నీలం తలగుడ్డ ఇచ్చింది. గాలి చెవుల్లో కొడుతోంది. పలక అంచు జారుడుగా, మంచులా ఉంది, పట్టు దొరకడం లేదు. ఒకటి, రెండు అని నలుగురూ దమ్ము పట్టారు. రాయి జానెడు లేచి మళ్లీ ఒరిగింది.

అప్పుడే పైన వంతెన మీద లౌడ్‌స్పీకరు మోగింది. వేరే కంపెనీ గైడు, మగగొంతు. మాటలు ఇంత తేటగా కిందికి పడతాయని మిన్‌రూకి తెలియదు, పక్కనే నిలబడి చెబుతున్నట్టు వినిపించాయి. నీటి ఉరవడి అయింది, ఆల్చిప్పలు అయ్యాయి, చెయ్యి నరకడం కూడా అయింది. ఆ ముక్క ఇంకొకరి నోట్లోకి కూడా ఎక్కిందన్నమాట. ఎవరో ఆడపిల్ల గొంతు, వీడియోలో దొంగ ఏదండీ, అని అడిగింది.

"కింద చూడండి. ఈ రోజు నలుగురు వచ్చారు" అన్నాడు గైడు.

నవ్వులు రాళ్ల మీదుగా దిగి వచ్చాయి. మిన్‌రూ ముఖం భగ్గుమంది. నడుం నిటారుగా చేసి పైకి అరవబోయింది. అది తప్పని, ఆ కథ తనదని, తాను కిందే ఉన్నానని.

"తలెత్తకు" అంది క్వీహ్వా, పలక మీంచి చూపు తిప్పకుండా. "ఎత్తితే ఫొటో తీస్తారు. నీళ్లొచ్చేస్తున్నాయి, పట్టు."

మిన్‌రూ తల దించింది. చీరుకున్న బొటనవేలిని లోపలికి మడిచి, రెండు చేతులూ రాయి కింద పెట్టింది.